సమం 42వ నిమిషంలో: చదువుకి తోడుండే సంగీతం, ప్రాజెక్టు డైరీ

వారం 1: ఏవి పనికిరావు

పని ఇది. పరీక్షలకి చదివేవాళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కదలకుండా కూర్చునే ఒక విడతకి సరిపడా వాద్య సంగీతం. చోటు తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద గది, పది అడుగులకి పన్నెండు. చుట్టూ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు. ఇక్కడి పిల్లలకి నిశ్శబ్దం దొరకడం కష్టం. పక్క మంచం మీద ఫోను మాటలు, వరండాలో బకెట్లు, రోడ్డు మీద ఆటో హారన్లు. వీటిని కప్పిపెట్టే శబ్దం కావాలి, అదే కొత్త ఆటంకం కాకూడదు. ఈ డైరీలో ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో తూచాం: ఇది వినిపిస్తోందా, వినమని పిలుస్తోందా? వినిపిస్తే ఉంచాలి. పిలిస్తే తీసెయ్యాలి.

సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న ప్రచారాన్ని మొదటే పక్కన పెట్టాం. 1993లో నేచర్ పత్రికలో వచ్చిన మోజార్ట్ ప్రయోగంలో 36 మంది కాలేజీ విద్యార్థులు సొనాటాని పది నిమిషాలు విని, ఆ తర్వాత పరీక్ష రాశారు. ఆకారాలను మనసులో మడిచి విప్పే లెక్కల్లో మాత్రమే కొంత మెరుగు కనిపించింది. అదీ పది పదిహేను నిమిషాలే నిలిచింది. చదువుతూ వినడం గురించి ఆ ప్రయోగం ఏమీ చెప్పదు.

మాకు పనికొచ్చినవి వేరే. 1976లో కోల్, వెల్ష్ చేసిన ప్రయోగంలో అమెరికన్ విద్యార్థులకి జర్మన్‌లో చదివి వినిపిస్తుంటే, కళ్ళ ముందున్న అక్షరాల వరస గుర్తుండటం తగ్గింది. అర్థం కాని భాష కూడా అడ్డం వస్తుందన్నమాట. 1989లో సలామే, బ్యాడ్లీ అంకెల వరసతో పరీక్షించి, గాత్రం ఉన్న సంగీతం ఉత్త వాద్య సంగీతం కంటే ఎక్కువ చెరుపు చేస్తుందని చూపారు. చదివే మాటని లోపల పలుక్కునే చోటే పాటలో మాట కూడా దూరుతుంది. కాబట్టి 'హిందీ పాటైతే పరవాలేదు' అనేది తప్పు. తిరుపతిలో తమిళం చాలామందికి అర్థమవుతుంది కాబట్టి 'తమిళ పాటైతే పరవాలేదు' అనేది మరీ తప్పు.

ఈ ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. అన్నమాచార్య కీర్తనని వేణువు మీద వాయిస్తే మాట లేనట్టే కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ పెరిగినవాళ్ళకి పల్లవి మొదటి నాలుగు స్వరాలు పడగానే సాహిత్యం నోట్లోకి వచ్చేస్తుంది. పెదాలు కదులుతాయి, చదివే లైను పోతుంది. తెలిసిన పాటకి మాటలు తీసేసినా మాటలున్నట్టే. కీర్తనలు, గీతాలు, సినిమా వరసలు దేని నీడా పడకూడదని రాసుకున్నాం.

చివరి మాట కూడా ఈ వారమే రాసుకున్నాం. గది నిజంగా నిశ్శబ్దంగా ఉంటే ఏ సంగీతమూ అక్కర్లేదు. ఇది నిశ్శబ్దం దొరకనివాళ్ళ కోసం.

వారం 2: రాగం

నాలుగు పొరల వాద్యాలు ఒకదాని మీద ఒకటి జారుతూ పోవాలని అనుకున్నాం. అంటే ఏ స్వరం ఏ స్వరంతో కలిసి మోగుతుందో ముందే తెలియదు. రాగంలో పక్కపక్క అర్ధస్వరాలుంటే (కీబోర్డు మీద ఒక్క మెట్టు తేడా ఉన్న స్వరాలు) ఎక్కడో ఒకచోట అవి ఒరుసుకుంటాయి. రేవతిలో షడ్జం పక్కనే శుద్ధ రిషభం, హంసధ్వనిలో కాకలి నిషాదం పక్కనే పై షడ్జం. రెండూ అందమైన రాగాలే, కానీ ఆ నిషాదం షడ్జానికి లాగుతుంది. వినేవాడు ఆ షడ్జం కోసం కాచుకుంటాడు, చదువు అక్కడ ఆగుతుంది.

అర్ధస్వరాలు పక్కపక్కన పడని ఐదు స్వరాల రాగాల్లో మనకి బాగా తెలిసినవి ఐదు: మోహన, మధ్యమావతి, హిందోళం, శుద్ధ సావేరి, శుద్ధ ధన్యాసి. నిజానికి ఇవి ఒకే అచ్చు. మోహనలో రిషభాన్ని షడ్జం చేస్తే మధ్యమావతి, గాంధారాన్ని చేస్తే హిందోళం, పంచమాన్ని చేస్తే శుద్ధ సావేరి, ధైవతాన్ని చేస్తే శుద్ధ ధన్యాసి. గ్రహభేదం పాఠంలో ఇది అందరూ చేసేదే.

మోహనని వదిలేశాం. సంగీతం నేర్చుకున్న ప్రతివాళ్ళూ అందులో గీతం, వర్ణం పాడి ఉంటారు. మధ్యమావతి మంగళం రాగం, కచేరీ చివర వినీ వినీ 'అయిపోయింది, లేవొచ్చు' అన్న భావం చెవికి అంటుకుపోయింది. దాన్ని పారెయ్యకుండా దాచుకున్నాం, చివరి వారంలో పనికొచ్చింది. నీలాంబరి అడిగినవాళ్ళున్నారు. అది జోల రాగం, రాత్రి పదకొండుకి పుస్తకం ముందు కూర్చున్నవాడికి అది వినిపించడం అన్యాయం.

నిలిచింది శుద్ధ సావేరి: స రి2 మ1 ప ద2 (అంకె ఆ స్వరం ఏ రకమో చెబుతుంది). గాంధారం లేకపోవడంతో సంతోషం, దిగులు అని ముద్ర వెయ్యలేని తటస్థ రంగు ఉంటుంది. గమకం లేకుండా నిలిపినా రాగం చెడదు. శ్రుతి ఒకటో కట్టై, అంటే కీబోర్డులో సి.

వారం 3: లెక్క

ఒకే వరస తిప్పి తిప్పి మోగిస్తే చెవి పట్టేసుకుంటుంది, తర్వాత స్వరాన్ని ముందే ఊహిస్తుంది. అలాగని కొత్త వరసలు వస్తూ ఉంటే ప్రతి కొత్తదీ పిలుస్తుంది. దీనికి ఒక జవాబు 1978లో సంగీతకారుడు బ్రయన్ ఈనో విమానాశ్రయాల కోసం చేసిన ఆల్బమ్‌లో ఉంది. వేర్వేరు పొడవుల టేపు చుట్టలు ఒకేసారి తిరుగుతుంటే స్వరాలు అవే, కలయికలు మాత్రం మారుతూ ఉంటాయి. మన తాళశాస్త్రం చేతిలో ఉన్నవాళ్ళకి ఈ పద్ధతి ఏమీ కొత్త కాదు. జాతులు (తాళంలో లెక్క తేడాలు) మనకి ఉండనే ఉన్నాయి.

చతురశ్రం 8 అక్షరాలు, అంటే తాళంలో 8 లెక్కలు (ఆది తాళం లెక్క), ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. నాలుగూ ఒకే సమం (తాళం మొదలయ్యే చోటు) మీద మొదలుపెడితే మళ్ళీ నాలుగూ కలిసి సమానికి వచ్చేది 2520 అక్షరాల తర్వాత. ఒకటి నుంచి పది దాకా అన్ని అంకెలూ భాగించే అతి చిన్న సంఖ్య అదే. నిమిషానికి 60 అక్షరాల నడకలో 2520 అంటే సరిగ్గా 42 నిమిషాలు. ముందు 45 నిమిషాలు అనుకున్నాం. ఈ లెక్క తేలాక 42 ఖాయం చేశాం.

మొదటి నమూనా చెడింది. ఐదు సెకన్ల వరస, ఏడు సెకన్ల వరస అంటే మరీ పొట్టివి. మూడో నిమిషానికే చెవి వాటిని విడివిడిగా గుర్తుపట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అందుకని జాతుల్ని జంటలుగా గుణించాం: 5×7 = 35, 5×8 = 40, 7×9 = 63, 8×9 = 72. వీటి కలయిక కూడా 2520 దగ్గరే. కొసరుగా ఒక అందం: 35 సెకన్ల వరస 72 సార్లు మోగుతుంది, 72 సెకన్లది 35 సార్లు. 40ది 63 సార్లు, 63ది 40 సార్లు.

పొరలు ఇలా పంచాం.

వీణ 35: స రి మ రి స ద స, పద్నాలుగు సెకన్లలో వాయించి 21 సెకన్లు ఊరుకోవాలి.
వేణువు 40: రి మ ప ద ప, ఒక్కో స్వరం ఐదు సెకన్లు, మిగతా 15 మౌనం.
కీబోర్డు ప్యాడ్ (సాగుతూ ఉండే మెత్తటి నాదం) 63: స–ప, మ–ద, మళ్ళీ స–ప. శబ్దం లేవడానికి 3 సెకన్లు, దిగడానికి 5 సెకన్లు.
జలతరంగం 72: ప, రి, స, మూడంటే మూడు దెబ్బలు.

ఇంకో లోపం వెంటనే బయటపడింది. అన్నీ సున్నా దగ్గర మొదలుపెడితే వీణ, వేణువు ప్రతి 4 నిమిషాల 40 సెకన్లకీ, వేణువు, జలతరంగం ప్రతి ఆరు నిమిషాలకీ ఒకేసారి ఎత్తుకుంటాయి. రెండు ఎత్తుగడలు కలిస్తే అది సంఘటన అవుతుంది, తల లేస్తుంది. విరుగుడు ఎడుపే, అంటే ఒక్కో పొరని ఒక్కో చోట మొదలుపెట్టడం. రెండు పొరల పొడవులకి గసాభా ఎంతో, వాటి మొదళ్ళ మధ్య తేడా దాని గుణిజం కాకుండా చూసుకుంటే అవి ఎప్పటికీ కలవవు. వీణ–వేణువుకి గసాభా 5, వీణ–ప్యాడ్‌కి 7, వేణువు–జలతరంగానికి 8, ప్యాడ్–జలతరంగానికి 9. వేణువు 0 సెకన్ల దగ్గర, వీణ 3, ప్యాడ్ 14, జలతరంగం 20 దగ్గర ఎత్తుకుంటే నాలుగు జంటలూ విడిపోయాయి. మిగిలిన రెండు జంటలకి గసాభా 1, కాబట్టి చెరొకసారి కలవక తప్పదు. వీణ–జలతరంగం 11:08 దగ్గర, వేణువు–ప్యాడ్ 23:20 దగ్గర. ప్యాడ్ మెల్లగా లేస్తుంది కాబట్టి రెండోది తెలియదు. మొదటిచోట జలతరంగం వరసని ఆ ఒక్కసారికి తీసేశాం.

అక్షరాల నడక ఎక్కడా వినిపించదు, అది కంప్యూటర్‌లో గీతల్లో మాత్రమే ఉంటుంది. ఆది తాళం సమం మీద మృదంగం చాపు మెత్తగా ఒకటి వేసి చూశాం. తాళం తెలిసినవాళ్ళ వేళ్ళు తొడ మీద లెక్క మొదలుపెట్టాయి. తీసేశాం.

వారం 4, 5: వాద్యాలు

రికార్డింగ్ రాత్రి పదకొండు నుంచి నాలుగు లోపే. ముందైతే అయ్యప్ప భజనలు, నాలుగు దాటితే ధనుర్మాసం కాబట్టి గుళ్ళ మైకుల్లో తిరుప్పావై. ఫ్యాను ఆపాలి. మూడు గోడలకి బొంతలు వేలాడదీశాం, నాలుగో గోడకి పరుపు నిలబెట్టాం. కిటికీ సందుల్లో తడిపి పిండిన తువ్వాళ్ళు కుక్కాం. రికార్డర్ జూమ్ హెచ్1ఎన్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్.

వీణకి మైకు కుండ నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో, మీటే చేతికి ఎదురుగా కాకుండా కొంచెం వీణ మెట్ల వైపు తిప్పి పెట్టాం. మీటు టక్కుమనే మొదటి క్షణమే తల ఎత్తించేది. రీపర్‌లో (శబ్దాలు కలిపే సాఫ్ట్‌వేర్) ప్రతి స్వరం మొదట్లో 60 మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే, అంటే మెల్లగా లేపితే, టక్కు పోయి నాదం మిగిలింది. 100 దాటిస్తే వీణ వీణలా ఉండదు. ఒకే టేకుని 72 సార్లు అతికిస్తే యంత్రంలా ఉంటుంది కాబట్టి ఆరు టేకులు తీసి పన్నెండేసి సార్లు కలగలిపాం. వేణువుకి ఏడు టేకులు, తొమ్మిదేసి సార్లు. ఎండాకాలం ఈ పని పెట్టుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. మెట్లు కూర్చున్న మైనం వేడికి మెత్తబడి మెట్టు కదులుతుంది, స్వరస్థానం తప్పుతుంది. ఆ కాలంలో వీణని డాబా కింద గదిలో పెట్టొద్దు.

వేణువు దగ్గర తప్పు మాదే. వాయించే చెయ్యి అలవాటుగా మ నుంచి పకి జారు వేసింది. జారు మనిషి గొంతులా ఉంటుంది, ఎవరో పిలిచినట్టే. పొడి స్వరాలుగా మళ్ళీ తీశాం. మైకు 40 సెంటీమీటర్లు, ఊదే రంధ్రానికి సూటిగా కాకుండా పక్కగా పెడితే గాలి బుస తగ్గింది.

ప్యాడ్‌లో ద మోగినప్పుడల్లా తంబురాతో కలిసి గరగర వచ్చింది. కారణం కీబోర్డు శ్రుతి. ఒకటో కట్టై షడ్జం 130.81 హెర్ట్జ్, కీబోర్డు ధైవతం 220. షడ్జం ఐదో అనుస్వరం (స్వరంతోపాటే సన్నగా మోగే, దానికి ఐదు రెట్ల నాదం) 654, ధైవతం మూడో అనుస్వరం 660. ఆ ఆరు హెర్ట్జ్ తేడాయే సెకనుకి ఆరుసార్లు వణుకుతుంది. ధైవతాన్ని 16 సెంట్లు దించితే (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) 218కి వచ్చి, తంబురాలో కలిసిపోయింది. రి 4 సెంట్లు పైకి, ప 2 పైకి, మ 2 కిందికి. ఇవి చిన్నవే, అయినా 42 నిమిషాలు మోగేదాంట్లో చిన్న గరుకు కూడా చెవిని అలగొడుతుంది.

తంబురా ప స స స. నాలుగు తీగల చుట్టు సరిగ్గా నాలుగు సెకన్లకి పెడితే అది కూడా తాళమైపోయింది. 5.3 సెకన్లకి మార్చాం, ఇక దేనితోనూ మాటిమాటికీ కలవదు.

జలతరంగం మీద ఎక్కువ రాత్రులు పోయాయి, పోయినందుకు ఫలితం ఉంది. నాలుగో పొరకి ముందు చిన్న కంచు గంట అనుకున్నాం. తిరుపతిలో గంట మోగితే చెయ్యి దణ్ణానికి లేస్తుంది, అది వద్దు. పింగాణీ కప్పులు మూడు, నీళ్ళు, వెదురు పుల్లలు. కప్పులో నీళ్ళు పెరిగితే స్వరం దిగుతుంది, తగ్గితే లేస్తుంది. ఖాళీ కప్పు స్వరం కావలసినదానికంటే కొంచెం పైన ఉండేది ఎంచుకోవాలి. నిండా పోస్తే నాదం చచ్చిపోతుంది కాబట్టి సగానికి మించి నీళ్ళు పట్టేలా ఉంటే ఇంకా పెద్ద కప్పు వెతకాలి. మొదట చెంచాతో పోసి దగ్గరికి తెచ్చి, తర్వాత ఇంకు ఫిల్లర్‌తో చుక్క చుక్క వేస్తూ ఫోనులో ట్యూనర్ ముల్లు చూడాలి. పోసిన ప్రతిసారీ నీటి కదలిక ఆగేదాకా నిమిషం ఆగాలి, ఊగే నీటితో స్వరం ఊగుతుంది. అడుగున అంటుకున్న గాలి బుడగలు కూడా నాదాన్ని మొద్దు చేస్తాయి, వేలితో తుడిచెయ్యాలి. పుల్ల చివర పాత నూలు చీర పేలిక మూడు చుట్లు చుడితే టింగు పోయి మెత్తటి గుండ్రని నాదం వచ్చింది. ఐదు చుట్లు చుడితే దెబ్బ వినిపించింది గాని నాదం రాలేదు. కప్పు కింద మడత పెట్టిన గుడ్డ, లేకపోతే బల్ల కూడా మోగుతుంది. రాత్రి మొదట్లో తీసిన టేకు, తెల్లవారుజామున తీసిన టేకు పక్కన పెడితే రెండోది కొంచెం ఎక్కింది. దెబ్బకి చింది, ఆవిరై నీళ్ళు తగ్గాయి. అరగంటకోసారి ట్యూనర్ చూడటం నియమంగా పెట్టుకున్నాం.

వారం 6: వాన

మాటల్ని కప్పేది నిజానికి సంగీతం కాదు, దాని అడుగున పరిచే నీటి శబ్దం. మా జిల్లాకి ఈశాన్య రుతుపవనాలే పెద్ద దిక్కు, కార్తీకంలో తీసిన వాన చేతిలో ఉంది. రేకుల కప్పు మీద పడ్డ వాన పనికిరాలేదు, ప్రతి చినుకూ విడిగా టపటపమంటుంది. వరండాలో గోడ వైపు మైకు తిప్పి తీసిన, దూరంగా నేల మీద పడే జోరువాన బాగుంది. అది పింక్ నాయిస్‌కి దగ్గరగా ఉంటుంది, అంటే ఒక్కో స్థాయికి (స నుంచి పై స దాకా) 3 డెసిబెల్‌ల చొప్పున పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. మధ్యలో ఒక కప్ప, ఒక కుక్క, ఒక బైకు. కోసేసి పన్నెండు నిమిషాల శుభ్రమైన ముక్క మిగిల్చాం. అతుకుల దగ్గర 8 సెకన్ల క్రాస్‌ఫేడ్, అంటే ఒకటి తగ్గుతుంటే ఇంకోటి లేవడం. రెండు సెకన్లిస్తే అతుకు తెలిసిపోయింది.

వారం 7: కలపడం, పరీక్షించడం

పరీక్ష పద్ధతి సులువు. చదివేవాళ్ళకి తెలియని పాఠం నాలుగు పేజీలు ఇచ్చి, ట్రాక్ పెట్టి, తల ఎత్తిన ప్రతిసారీ నిమిషం సెకను రాసుకోవడం. 'బాగుందా' అని అడగకూడదు, అడిగితే వినడం మొదలుపెడతారు. తర్వాత ఆ సెకన్ల దగ్గరికి వెళ్ళి ఏం మోగిందో చూడాలి. బయట హారన్ పడిన చోట్లు కొట్టేస్తే మిగిలినవి మన తప్పులు. మూడు పట్టుకున్నాం. వీణలో షడ్జం ఒక టేకులో 3 డెసిబెల్‌లు ఎక్కువ ఉంది. వేణువు ఆగినచోట ఊపిరి తీసుకున్న చప్పుడు ఉంది. 100 హెర్ట్జ్ దగ్గర కరెంటు గుయ్యిమనే మోత ఉంది, లాప్‌టాప్ చార్జరు పీకి మళ్ళీ తీస్తే పోయింది.

మిక్స్‌లో 70 హెర్ట్జ్ కింద కోత, 3 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్‌ల తగ్గింపు (చెవి అతి సున్నితంగా ఉండేది అక్కడే), 9 కిలోహెర్ట్జ్ పైన మెల్లగా వాలు. మొత్తం బిగ్గరతనం మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్, హెచ్చుతగ్గుల పరిధి 5 లోపు. వినేవాళ్ళకి సూచన: పక్కవాళ్ళ మాట శబ్దంగా వినిపించాలి, మాటగా అర్థం కాకూడదు. అంతకు మించి ఒక్క గీత కూడా పెంచొద్దు.

వారం 8: ముగింపు ఎలా తెలియాలి

42 నిమిషాలైందని అలారం మోగితే ఉలిక్కిపడతారు. దాచుకున్న మధ్యమావతి ఇక్కడ కలిసొచ్చింది. శుద్ధ సావేరికీ దానికీ ఒక్క స్వరమే తేడా, ద2 పోయి ని2 వస్తుంది. 40:00 దగ్గర వేణువు 'రి మ ప ద ప' బదులు 'రి మ ప ని ప' అంటుంది. 40:08కి ప్యాడ్ మ–ద బదులు మ–ని, 40:18కి వీణ ద స బదులు ని స. జలతరంగంలో ధైవతం లేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. కీబోర్డు నిషాదం 4 సెంట్లు దించాలి. 41:30 నుంచి పొరలు సన్నబడి చివరికి తంబురా ఒక్కటే మిగులుతుంది. పరీక్షకి కూర్చున్నవాళ్ళలో రాగం పేరు తెలియనివాళ్ళు కూడా నలభై దాటాక పేజీ ముగించి పెన్ను మూత పెట్టారు.

ఫైళ్ళు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ అయితే 726 ఎంబీ. ఫోన్లకి 96 కేబీపీఎస్ ఓపస్, 30 ఎంబీ. ఎంపీ3 వద్దు, దాని మొదట్లోనూ చివర్లోనూ చిన్న ఖాళీ చేరుతుంది, రెండో విడత తిప్పినప్పుడు వాన ఒక్క క్షణం తెగుతుంది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపాలి. వీడియో సైట్లలో పెట్టలేదు, మధ్యలో ప్రకటన పడితే ఇంత లెక్కా వృథా.

వచ్చే వారం పొద్దుటి చదువుకి హిందోళం. పంచమం లేదు కాబట్టి తంబురా మ స స స కి మార్చాలి, ప్యాడ్‌లో స–ప తీసి స–మ వెయ్యాలి, జలతరంగానికి మధ్యమం కప్పు వెతకాలి. ఇంట్లో ఉన్నవన్నీ కొట్టి చూశాం, పెద్ద కాఫీ కప్పు ఒకటి ఖాళీగా ఉన్నప్పుడు మ కంటే కాస్త పైన పలికింది. నాలుగు చెంచాల నీళ్ళు పట్టేలా ఉంది.